రెండు కీబోర్డుల పెళ్లి

మా పార్టీలో ఉండేది ఇద్దరమే. పాడేది అన్న, వాయించేది నేను. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. కళ్యాణదుర్గంలో నా జిరాక్సు అంగడి పక్కనే ఆయన పరుపుల అంగడి. పగలంతా దూది మధ్య కూర్చుంటాడు కాబట్టేమో, పాడేటప్పుడు ఆ దూదిలో కొంత గొంతులోకి వచ్చినట్టు మెత్తగా ఉంటుంది. ఉరుసులో ఖవ్వాలీ, చవితికి భజన, పెళ్లికి సినిమా పాటలు. ఎవరు పిలిచినా పోతాం. ఏ పందిట్లోనైనా ఆయన గొంతే, నా కీబోర్డే.

ఆ కీబోర్డు సంగతి చెప్పాలి. అరవై ఒక్క మెట్లు, అన్నీ ప్లాస్టిక్. టార్చిలైటు సెల్లులు వేసినా పాడుతుంది. స్పీకర్లు దాని ఒంట్లోనే ఉంటాయి. సంచిలో వేసి బస్సులో ఒళ్లో పెట్టుకుంటే కండక్టరు లగేజి అడగడు. తబలా కావాలంటే ఒక మీట, హార్మోనియం కావాలంటే ఒక మీట, షెహనాయికి ఇంకో మీట. కళ్లు మూసుకుని నొక్కేస్తాను. కానీ దానికి పెద్దా చిన్నా తెలియదు. మెల్లగా ముట్టుకున్నా, పిడికిలితో గుద్దినా ఒకే గొంతుతో పలుకుతుంది. స్వరాలు ఎక్కువ పట్టుకుంటే, కొత్తవాళ్లు ఎక్కగానే పాతవాళ్లు దిగిపోయే బస్సులాగా ముందటివి మాయమైపోతాయి. పైగా డెమో అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే కంపెనీవాళ్లు నింపిన పాట దానంతట అదే మొదలవుతుంది. ఒకసారి కంబదూరు దగ్గర ఒక పెద్దాయన కర్మకు భజన చేస్తున్నప్పుడు నా మోచెయ్యి దాని మీద పడింది. డిస్కో మొదలైంది. ఆపడానికి నేను ఏది నొక్కితే అది ఇంకా వేగం పెంచింది. పోయినాయన పెద్దకొడుకు ఏడుస్తూనే కాలు ఆడించడం నేను చూశాను. తర్వాత ఆయన వచ్చి, మా నాయనకు ఇట్లాంటివి ఇష్టమే అన్నాడు కాబట్టి బతికిపోయాం.

పెద్ద కీబోర్డు కావాలని నాకు ఎప్పటినుంచో ఆశ. అంగట్లో గిరాకీ లేనప్పుడు ఫోనులో వాటి వీడియోలే చూసేవాణ్ణి. ఎవరో విదేశీయుడు నల్లచొక్కా వేసుకుని ఒక పక్క అగ్గువది, ఒక పక్క ఖరీదైంది పెట్టుకుని, ఇదీ తేడా అని రెండింటి మీదా ఒకే పాట వాయించేవాడు. ఫోను స్పీకర్లో నాకు రెండూ ఒకేలా వినబడేవి. అయినా ఖరీదైందే బాగుందని తల ఊపేవాణ్ణి. మా ఆవిడ అది చూసి, "పెండ్లిచూపులకు వచ్చినప్పుడు కూడా నన్ను ఇంతసేపు చూల్లేదు నువ్వు" అనేది.

అట్లా ఉండగా ఒకరోజు పక్క ఊరి మాజీ సర్పంచి పాసుపుస్తకం జిరాక్సు తీయించుకోవడానికి వచ్చాడు. భూములున్న మనిషి. మాట్లాడితే మైకు అక్కర్లేదు.

"ఏమప్పా, మా పాప పెండ్లికి మీరే పాడల్ల. కానీ ఆ సన్న డబ్బా మాత్రం తేవద్దు" అన్నాడు.

"అది డబ్బా కాదన్నా, కీబోర్డు."

"నాకు తెల్దా? బెంగుళూరులో మా వియ్యంకుని తమ్ముని కొడుకు పెండ్లిలో చూసినా. కీబోర్డంటే అది. ఈ కొస నుంచి ఆ కొసకు ఉండాది. వాయించేటోడు వాయిస్తా వాయిస్తా పక్కకు నడుచుకుంటా పొయ్యొచ్చినాడు. అట్లాంటిది తెప్పించు. బాడిగ నాది."

ఆ సంబరంలో పాసుపుస్తకం అడ్డంగా పెట్టి జిరాక్సు తీశాను. సగం పొలమే వచ్చింది. ఆయన చూసి, "ఏమప్పా, నా భూమి కోసేసినావు?" అన్నాడు. మళ్లీ తీసిచ్చాను.

పెళ్లి ముందురోజు మధ్యాహ్నం బెంగుళూరు నుంచి వ్యానులో అది దిగింది. మే నెల. నేల పెనంలా కాలుతోంది. పొడుగాటి నల్లపెట్టె, అంచులకు తెల్లటి రేకు, పక్కలకు పిడులు. నలుగురు మనుషులు చెరో పిడీ పట్టుకుని, తలలు వంచుకుని, బరువుకు అడుగులో అడుగు వేస్తూ పెళ్లింటి వాకిట్లోకి వచ్చారు. వెనక నేనూ అన్నా నడుస్తున్నాం. అన్న ఎండకు తువ్వాలు తల మీద వేసుకున్నాడు. దూరం నుంచి చూస్తే ఎట్లా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తట్టలేదు.

అరుగు మీద మాజీ సర్పంచి పెద్దమ్మ కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. చూపు సగమే ఆనే ముసలమ్మ. పెట్టెను చూసింది. అనంతపురంలో శవాలను పెట్టడానికి చల్లపెట్టెలు బాడిగకు ఇస్తారు కదా, అదే అనుకుంది.

"అయ్యో నా తండ్రీ! పెండ్లి పెట్టుకోని ఎవురు పోయినార్రా!" అని రొమ్ము బాదుకుంది.

లోపల ఓళిగలు కాలుస్తున్న ఆడవాళ్లు చేతులకు పిండితోనే బయటికి వచ్చి అందుకున్నారు. వాళ్లలో ఒకామె పక్కామెను, "ఎవురంటమ్మా?" అని అడిగింది. "తెల్దక్కా. ముందు ఏడ్చు, తర్వాత కనుక్కుందాం" అంది పక్కామె. మోసేవాళ్లకు కూడా అనుమానం వచ్చి పెట్టెను కింద దించారు. ఒకడు చెప్పులు విప్పేశాడు.

మాజీ సర్పంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "గమ్మునుండు పెద్దమ్మా! అది పాటల మిషను!"

ముసలమ్మ కళ్లు తుడుచుకుని పెట్టెను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "పాటల మిషనును పడుకోబెట్టి తెస్తారేమిరా?" అంది.

పందిట్లో స్టేజీ మీద పెట్టె తెరిచాం. ఎనభై ఎనిమిది మెట్లు. తెల్లవి పాలలాగా, నల్లవి నేరేడుపండ్లలాగా. అన్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని, మసీదులోకి పోయేటప్పటిలాగా చెయ్యి కడుక్కుని వచ్చి ఒక మెట్టును ముట్టుకున్నాడు. ఏమీ వినబడలేదు. దానికి సొంత స్పీకర్లు లేవు. పెద్ద పెద్ద బేసు డబ్బాలకు వైర్లు కలపాలి. కలిపాం. మీట వేస్తే తెర మీద ఒక గీత పాకడం మొదలుపెట్టింది. పాకుతూనే ఉంది. నా చిన్నది, మా వాడుకలో సన్నది, మీట వేసీ వేయకముందే పలుకుతుంది.

"ఏమప్పా, ఇది లేస్తా లేదే?" అన్నాడు మాజీ సర్పంచి.

"లేస్తాదన్నా. పెద్దది గదా, లోపల శానా సరుకు ఉంటాది."

"మా అల్లుడు కూడా ఇట్లనే. పిలిస్తే ఇంతసేపు పడతాది" అన్నాడు ఆయన.

అది లేచింది. నేను పియానో స్వరం మీద వేలు పెట్టాను. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. అప్పటివరకూ నేను వాయించింది వాయించడమే కాదనిపించింది. మెట్టు కింద చిన్న బరువుంది. మెల్లగా దించితే పక్కగదిలో ఎవరో పలికినట్టు, గట్టిగా దించితే ఎదురుగా నిలబడి పిలిచినట్టు. ఎన్ని స్వరాలు పట్టుకున్నా ఒక్కటీ దిగిపోలేదు. అన్నీ ఒకదాని మీద ఒకటి ఆనుకుని, సన్నగా అయిపోతూ, ఎక్కడ ఆగాయో తెలియకుండా ఆగాయి. చాలా మెల్లగా, నా ఊపిరి నాకే వినబడేంత మెల్లగా వాయించుకుంటూ పోయాను.

"అప్పా!" అని మాజీ సర్పంచి కేక వేశాడు. "సౌండు యాడ? కరెంటు పోయినాదా?"

"మెల్లగా వాయిస్తాండానన్నా. దీంట్లో అదే గొప్ప."

"గొప్ప మాకు వినపడల్ల గదా!"

అన్న నా చెవి దగ్గరకు వచ్చి, "శానా బాగుండాదప్పా. కానీ దీంట్లో నేను యాడ దూరి పాడేది? అంతా అదే పాడేస్తాండాది" అన్నాడు. ఆయన గొంతులో కొంచెం అసూయ ఉంది. పదిహేనేళ్ల స్నేహంలో ఒక మిషను మీద ఆయన అసూయపడటం అదే మొదలు.

ఆ సాయంత్రమంతా షెహనాయి కోసం వెతికాను. తెర మీద అన్నీ ఇంగ్లీషు పేర్లు. పియానోలే ఒక ఊరికి సరిపడా ఉన్నాయి. మూత తెరిచిన పియానో, మూత వేసిన పియానో, వానకు తడిసిందేమో అన్నట్టు పలికే పాత పియానో. చర్చి ఆర్గన్లు, పిల్లంగోవులు, ఎక్కడో మంచుదేశాల గొర్రెల కాపర్లు ఊదుకునే బూరలు. చివరికి ఒక మూల షెహనాయి దొరికింది. దాన్ని తెర మీద మొదటి గడిలో దాచుకున్నాను. నా సన్నదాన్ని కూడా సంచిలోంచి తీసి స్టేజీ మీద ఒక పక్కన పెట్టాను. మాజీ సర్పంచి చూసి, "అదెందుకు?" అంటే, "తోడుగా" అన్నాను.

మరుసటి పొద్దున ముహూర్తం. సన్నాయి మేళంవాళ్లు రావాలి. వాళ్ల ఆటో దోవలో పంచరైంది. ఫోను చేస్తే, చక్రం ఊడదీస్తున్నామన్నారు. పెళ్లి చేయించే అయ్యగారేమో గడియారం చూస్తున్నారు. పెళ్లికొడుకు చేతిలో తాళి పట్టుకుని, ఇప్పుడు కట్టాలా ఆగాలా తెలియక అందరి మొహాలూ చూస్తున్నాడు.

"అప్పా, గట్టిమేళం నువ్వే వెయ్యి!" అని మాజీ సర్పంచి కింద నుంచి అరిచాడు.

నా చెయ్యి అలవాటుగా సన్నదాని మీదికి పోయింది.

"దాంట్లో కాదు! పెద్దదాంట్లో! బెంగుళూరు నుంచి పెట్టెలో మోసుకొచ్చింది చూసుకోనీకా?"

అప్పటికి పెద్దదాని మీద ఎర్రటి దుమ్ము సన్నగా పేరుకుంది. మా వైపు గాలికి అది తప్పదు. నేను కుర్చీ సర్దుకునేలోపు అన్న ప్రేమగా భుజం మీది తువ్వాలు తీసి దాన్ని తుడిచాడు. మెట్లు తుడిచాడు, అంచులు తుడిచాడు, తెర కూడా బాగా రుద్ది తుడిచాడు. ఆ తెర వేలు తగిలితే మారిపోయేది. నాకు ఆ సంగతి గుర్తు రాలేదు, ఆయనకు తెలియదు. షెహనాయి పోయి, దాని స్థానంలో చప్పుళ్ల పట్టీ వచ్చి కూర్చుంది. అందులో ఒక్కో మెట్టుకు ఒక్కో చప్పుడు. ఎడమ వైపు ఉరుము, నడుమ వాన, కుడి వైపు కుక్కలూ గుర్రాలూ చప్పట్లూ.

అయ్యగారు చెయ్యి ఎత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు. నేను రెండు చేతులతో, బలమంతా పెట్టి దిగాను.

ఉరిమింది.

మామూలుగా ఉరమలేదు. ఆ బేసు డబ్బాల్లోంచి కొండలు దొర్లినట్టు ఉరిమింది. పందిరి గుడ్డ వణికింది. నా కుడిచెయ్యి నడుమ మెట్ల మీద ఉంది కాబట్టి వెంటనే వాన మొదలైంది. రేకుల మీద కురిసినట్టు, తర్వాత చెట్ల మీద కురిసినట్టు, తర్వాత ఊరంతా కురిసినట్టు వాన. భయానికి నాకు చెయ్యి తీయాలని కూడా తోచలేదు. ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్నాను. అది ఇంకా గట్టిగా కురిసింది.

పందిట్లో అందరూ ఒక్కసారిగా లేచారు. మా వైపు గట్టిమేళమైనా ఇంకో పెళ్లిలో వినొచ్చు గానీ, వాన మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఆ మాట వింటే ఎవరూ ఆగరు. "వానొచ్చినాది!" అని ఎవరో అరిచారు. రైతులంతా అక్షింతలు చేతుల్లోనే పెట్టుకుని ఆకాశం చూడటానికి బయటికి పరిగెత్తారు. ఆడవాళ్లు, "మిద్దె మీద సండిగలు!" అంటూ ఎండబెట్టిన వడియాల కోసం మెట్లెక్కారు. వంటవాళ్లు అన్నం గంగాళాల మీద పట్టలు కప్పారు. ఫోటోలూ వీడియో తీసేవాడు కెమెరాకు ప్లాస్టిక్ కవరు తొడిగి బల్ల కిందికి దూరాడు.

బల్ల కిందివాణ్ణి వదిలేస్తే పందిట్లో మిగిలింది పెళ్లికొడుకు, పెళ్లికూతురు, అయ్యగారు, స్టేజీ మీద మేమిద్దరం, ముందు వరుసలో మాజీ సర్పంచి నాయన. ఆ పెద్దాయనకు చెవులు పూర్తిగా పోయి చాలాకాలమైందట.

"కట్టు నాయనా, ముహూర్తం దాటిపోతాది" అన్నారు అయ్యగారు నిబ్బరంగా. పెళ్లికొడుకు ఆ వానలోనే మూడు ముళ్లూ వేశాడు. అన్న నా చేతిని పట్టుకుని పైకి లాగాడు. వాన ఆగింది. లాగేటప్పుడు నా వేళ్లు కుడి వైపు మెట్లకు తగిలి ఒక కుక్క మొరిగింది. దాని వెనక చాలామంది చప్పట్లు కొట్టారు. ఆ పెళ్లికి అందిన మొదటి చప్పట్లు అవే.

అప్పుడు ముందు వరుసలోని పెద్దాయన కుర్చీ చేతుల్ని తడుముకుంటూ, "ఉరిమినాది గదా?" అన్నాడు. ఆయన చెవులతో వినలేదు. ఆ బేసు దెబ్బ కుర్చీలోంచి ఒంట్లోకి ఎక్కింది.

బయటికి పోయినవాళ్లు తిరిగి వచ్చారు. ఆకాశంలో తునకంత మబ్బు కూడా లేదు. చెమటలు కారుతున్న మొహాలతో నా వైపు చూశారు. మాజీ సర్పంచి స్టేజీ ఎక్కుతుంటే ఇక అయిపోయింది అనుకున్నాను. పెట్టెలో నన్ను కూడా పెట్టి బెంగుళూరుకు పంపుతాడు అనుకున్నాను.

ఆయన నోరు తెరిచేలోపు వాళ్ల నాయన చేతికర్రతో నేలను కొట్టాడు. "ఇంగొగసారి ఉరమమను" అన్నాడు.

మాజీ సర్పంచి నా వైపు తిరిగాడు. "వెయ్యప్పా" అన్నాడు. గొంతు ఆయనది కానట్టు చిన్నగా ఉంది.

వేశాను. పెద్దాయన రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, కళ్లు మూసుకుని, ఆ ఉరుమును ఒంట్లోకి తీసుకున్నాడు. తర్వాత బోసినోటితో నవ్వాడు.

భోజనాలైన తర్వాత ఎవరూ ఇళ్లకు పోలేదు. రైతులంతా స్టేజీ చుట్టూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. పాటలు వద్దన్నారు. వాన వెయ్యమన్నారు. మెల్లగా నొక్కితే తుంపర, గట్టిగా నొక్కితే జడివాన అని తెలిసిన తర్వాత ఒక్కొక్కరూ వచ్చి తమ చేత్తో కురిపించుకున్నారు. ఇద్దరు అన్నదమ్ములకు వాదన పడింది.

"ఈ మాత్రం వానకు పదును కాదు" అన్నాడు పెద్దవాడు. విత్తనం వేయడానికి నేల తగినంత తడవలేదని అర్థం.

"ఎట్ల కాదు? ఎర్రనేలకు ఇది చాలు."

"నీ చేను గుట్ట మీద ఉండాది. నీళ్లు నిలబడవు. ఇంగ కాసేపు పట్టుకో అప్పా."

నేను పట్టుకున్నాను. అన్నకు వంటవాళ్లు టీ కాచి ఇచ్చి, ఆయన దాన్ని చల్లార్చుకుని తాగేంతవరకూ పట్టుకున్నాను. అప్పుడు పెద్దవాడు, "ఊ, ఇప్పుడు గొర్రు కట్టి విత్తనం వెయ్యొచ్చు" అని ఒప్పుకున్నాడు. తమ్ముడు నా భుజం తట్టి, "నా చేను మునిగిపోయింటాది" అన్నాడు.

ఇంతలో వెనక నుంచి ఒకాయన, "ఆ సన్నదాంట్లో వాన లేదా?" అని అడిగాడు. ఉంది. ఎప్పుడూ వాడలేదు గానీ చప్పుళ్లలో ఎక్కడో ఉంది. వెతికి నొక్కాను. నూనెలో మిరపకాయ బజ్జీలు వేసినట్టు చిటపటమంది, టక్కున ఆగింది. మళ్లీ నొక్కాను. మళ్లీ చిటపట, మళ్లీ ఆగింది. మెల్లగా నొక్కినా అంతే, గట్టిగా నొక్కినా అంతే. ఉరుము నొక్కితే ఎవరో రేకుడబ్బాను తన్నినట్టుంది.

అడిగినాయన తీర్పు చెప్పాడు. "ఆ పెద్దదాంట్లో పడేది కర్ణాటక కొండల మలెనాడు వాన. ఈ సన్నదాంట్లో పడేది మన కంబదూరు వాన."

పందిరి కూలేంతగా నవ్వారు. మాజీ సర్పంచి నవ్వలేక కడుపు పట్టుకుని స్టేజీ అంచున కూర్చున్నాడు. ఫోనులో ఆ నల్లచొక్కా విదేశీయుడు ఎన్ని వీడియోల్లో చెప్పినా నాకు ఎక్కని తేడా ఆ రోజు చెవికి ఎక్కింది.

సాయంత్రం వ్యాను వచ్చి పెట్టెను తీసుకుపోయింది. ముసలమ్మ వాకిట్లో నిలబడి, ఎందుకైనా మంచిదని దానికి దండం పెట్టింది.

పెళ్లి వీడియో నేను తర్వాత చూశాను. పెళ్లికొడుకు తాళి కడుతుంటే వెనక అన్నీ ఖాళీ కుర్చీలు. బల్ల కింద నుంచి తీసింది కాబట్టి సగం తెరకు బల్లకాలే ఉంటుంది. పెళ్లికూతురు తల్లి మాతో చాన్నాళ్లు మాట్లాడలేదు. మాజీ సర్పంచి మాత్రం ఎక్కడికి పోయినా, "మా పాప పెండ్లిలో మే నెలలో వాన పడినాది" అని చెప్పుకునేవాడు. దానితో మాకు గార్లదిన్నె దాకా పేరు పాకింది గానీ, పిలిచేవాళ్లంతా వాన మిషను తెస్తారా అనే అడిగేవారు. లేదంటే ఫోను పెట్టేసేవారు. అన్న కొన్నాళ్లు మైకును పెదాలకు ఆనించుకుని నోటితో ఉరమడం నేర్చుకున్నాడు. ఒక పందిట్లో అట్లా ఉరిమి పక్కవాళ్ల మీద తుంపర కూడా పడేసరికి మానేశాడు.

చివరికి రెండేళ్ల తర్వాత, గోరంట్లలో ఒకాయన తన పాత కీబోర్డు అమ్ముతున్నాడంటే పోయి తెచ్చుకున్నాను. సన్నదీ కాదు, ఆ బెంగుళూరుదీ కాదు, నడిమిది. మెట్లకు ఆ బరువు లేదు గానీ, వేలి ఒత్తిడి తెలుస్తుంది. స్వరాలు మరీ తొందరగా దిగిపోవు. ఇద్దరం మోయగలం. లోపల వాన ఉంటుందేమోనని ఊరంతా వచ్చి వెతికించారు. లేదు. హెలికాప్టరు ఉంది. దాని మీద ఎవరికీ ఆసక్తి కలగలేదు.

దాన్ని ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది. ఆమె ఎప్పుడూ నా కీబోర్డును ముట్టుకున్నది కాదు. ఒక తెల్లమెట్టును వేలికొసతో మెల్లగా దించింది. మెల్లగా పలికింది. మళ్లీ అదే మెట్టును కొంచెం గట్టిగా నొక్కింది. గట్టిగా పలికింది.

"మెల్లగా అంటే మెల్లగా, గట్టిగా అంటే గట్టిగా జవాబిస్తాండాదే" అంది.

"అదే దీని గొప్ప" అన్నాను.

"నువ్వు నేర్చుకో దీన్ని చూసి" అని, కుర్చీ లాక్కుని కూర్చుంది. లేవలేదు. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వస్తే నేనే పోయి దించాను.